ముగ్గురూ, ఇంకొంచెం

తిరుపతిలో మే నెల. కొర్లగుంటలో మిద్దెమీద గది.
ఫ్యాను ఉన్న వేడినే తిప్పి తిప్పి వడ్డిస్తోంది.
లాప్‌టాప్ కింద తడిగుడ్డ,
లోపల నాలుగో రోజుగా నడుస్తున్న లెక్క.

కింది వాటాలో మునికాంతమ్మ.
స్టేషన్ దగ్గర సత్రంలో గదులు ఊడుస్తుంది.
తెల్లారుజామున మూడింటికి డ్యూటీకి పోతూ
నా కిటికీలో వెలుగు చూసి ఆగింది.
"ఇంకా పండుకోలేదా పాపా?
ఏం పోగొట్టుకున్నావని వెతకతా వుండావు?"

పోగొట్టుకోలేదమ్మా,
వెళ్లిపోయినవాళ్లను లెక్కపెడుతున్నాను.

లోకం పుట్టి ఒక్క సెకను.
అప్పుడే గుంపులోంచి విడివడి బయల్దేరాయి న్యూట్రినోలు,
ఎవరికీ చెప్పకుండా, ఎవరినీ ఒరుసుకోకుండా.
ఇంకా దారిలోనే ఉన్నాయి.
కర్పూరం బిళ్లంత చోటులో మూడు వందల పైచిలుకు.
నీ చీపురుకట్టలోంచి, కొండరాతిలోంచి,
క్యూలో కునుకుతున్న కొత్త గుండ్లలోంచి
దారి అడగకుండానే దాటిపోతున్నాయి.
చలికి అట్టడుగునుంచి కొలిచినా
రెండు డిగ్రీలకు అందని వెచ్చదనం వాటిది.
ఊళ్లో మాత్రం నలభై మూడు.

"అగుపడనోళ్లని ఎట్ల లెక్కపెడతావు?"

చెప్పబోయాను. ఆమే అందుకుంది:
"నిన్న పదిహేడో నంబరు గది. నేను పొయ్యేసరికి ఎవురూ లేరు.
రిజిస్టర్లో ముగ్గురని రాసినారు. సరే.
బిందె దాని మరకమీద లేదు, నాలుగేళ్లు పక్కకి జరిగింది.
దుప్పటి ముడతలు మూడు తావుల చదునైనాయి.
ముగ్గురే. ముగ్గురూ, ఇంకొంచెం."

ఇంకొంచెమా?

"బస్సు పోతాది, వచ్చినాక చెప్తా."

ఆమె చెప్పుల చప్పుడు సందు మలుపు తిరిగింది.
నేను బిందె దగ్గరే ఆగిపోయాను.

మొదట్లో అంతా ఒకటే వేడి మడుగు,
అందులో శబ్దం అలలుగా పాకేది.
ఇవి శబ్దం కంటే ముందు ఉరికాయి,
ఉరుకుతూ అలల కొంగు పట్టి రవ్వంత లాగాయి.
మూడు లక్షల ఎనభై వేల ఏళ్లకు మడుగు తేటపడి
అలలు ఎక్కడివక్కడ వెలుగులో అచ్చుపడ్డాయి.
ఆ పాత వెలుగును ఇవాళ పరిచి చూస్తే
శిఖరం ఉండాల్సిన మరకమీద లేదు.
కాస్త జరిగి ఉంది.

దుప్పటి సంగతీ అంతే.
గెలాక్సీలు ముడతలు పడే కాలంలో
సన్నసన్నవి సాపు చేసినవి ఇవే.
ఎంత సాపు చేశాయో తేలితే ఎంత బరువో తేలుతుంది.
ఇంతకు మించి బరువు లేవు అనేదాకా వచ్చాం,
ఇంత అని ఇంకా ఎవరూ అనలేదు.

పదిన్నరకు లెక్క ఆగింది.
రెండు పాయింట్ తొంభై తొమ్మిది,
అటూ ఇటూ సున్నా పాయింట్ పదిహేడు.

మధ్యాహ్నం కుళాయి కింద కాళ్లు కడుక్కుంటున్న ఆమెకు
మెట్లమీంచే అరిచి చెప్పాను: ముగ్గురు తేలారమ్మా!
"ఇంకొంచెం?"

ఉండాలనే మా కాగితాలూ అంటాయి.
ఇవి పూర్తిగా గడప దాటకముందే
వెనక ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లు ఒకదాన్నొకటి కాల్చుకున్నాయట,
ఆ మంట సెగ కొంగుకు కొంచెం అంటిందట.
ఆ అంటిందే సున్నా పాయింట్ సున్నా నాలుగు.
నా అటూ ఇటూలో అలాంటివి నాలుగు దాక్కోగలవు.

ఆమె చెంగుతో మొహం తుడుచుకుంది.
"చంకలో బిడ్డ పాపా. టికెట్టు లేని బిడ్డ.
రిజిస్టర్లో యాడ రాస్తారు?
దిండు వారన కాటుక మరక వుండాది, గోరంత.
నీ దాంట్లో చూసినావా?"

చూడలేదు.
ఇంత మోటు కళ్లకు ఆ మరక ఆనదు.

గుడ్డ ఎండిపోయింది. కుళాయి దగ్గరికి దిగి
మళ్లీ తడిపాను.